తోమితే పోయే నలుపు కాదు

పదిహేడేళ్ళ కుర్రాడి మెడ వెనక చర్మం నల్లబడి, మందమెక్కి, అడ్డంగా గీతలు తేలితే ఇంట్లో మొదట వినిపించే మాట "ఒళ్ళు సరిగ్గా తోముకోరా" అని. కుర్రాడు ఆ మాట నమ్ముతాడు. బీరపీచుతో రుద్దుతాడు. పీచు చాలకపోతే కాళ్ళు తోముకునే రాయి అందుకుంటాడు. నిమ్మచెక్కను పంచదారలో అద్ది తోముతాడు. వారం తిరిగేసరికి మెడ మండుతుంది, నలుపు మాత్రం కదలదు. ఎండాకాలంలో కూడా కాలరు పైగుండీ పెట్టుకుని కాలేజీకి వెళ్ళడం మొదలవుతుంది.

అది మురికి కాదు. వైద్యులు దాన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. రక్తంలో ఇన్సులిన్ ఉండవలసిన దానికంటే బాగా ఎక్కువైనప్పుడు, చర్మకణాల మీద ఉండే ఎదుగుదల గ్రాహకాలను కూడా అది ప్రేరేపిస్తుంది. దాంతో పైచర్మం దళసరిగా పెరిగి మడతలు పడుతుంది. మనకు నలుపుగా కనిపించేది చాలావరకు ఆ మందమే. మెడ వెనక, చంకల్లో, గజ్జల్లో ముందు వస్తుంది. మనవాళ్ళలో కణతల మీద, నుదుటి అంచుల్లో కూడా కనిపిస్తుంది. ఆ చుట్టుపక్కల చిన్న చిన్న పులిపిర్లు వేలాడుతుంటాయి. ఒంట్లో కణాలు ఇన్సులిన్ మాట వినడం తగ్గించినప్పుడు క్లోమగ్రంథి మరింత మరింతగా దాన్ని స్రవిస్తుంది. మధుమేహానికి వెళ్ళే దారి అదే. రక్తపరీక్షలో చక్కెర ఇంకా మామూలుగానే ఉన్న రోజుల్లోనే మెడ ఆ సంగతి బయటపెట్టగలదు.

ఈ విషయంలో మన ఉపఖండపు మగవాడి శరీరానికి ఒక ప్రత్యేకత ఉంది. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన తమ ఫొటో వేశారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) ఒక్కటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూడటానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు పేరుకునే ఈ తత్వం వల్లే మన దేశంలో బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు కింద లెక్కిస్తారు. మెడ నల్లబడిన కుర్రాడిని స్నానాలగదిలోకి పంపే బదులు ల్యాబుకు తీసుకెళ్ళి పరగడుపు చక్కెర, హెచ్‌బీఏ1సీ పరీక్షలు చేయించాలి. తిండి, నడక, నిద్ర దారిలో పడి బరువు తగ్గితే ఆ నలుపు నెలల మీద పలచబడుతుంది. సన్నగా ఉన్న పెద్ద వయసు మనిషికి ఇదే నలుపు ఉన్నట్టుండి, వేగంగా, అరచేతుల్లో కూడా వస్తే మాత్రం లోపల ఎక్కడైనా కణితి ఉందేమో చూడాలి. అది చాలా అరుదు.

మెడ గురించి ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. మన మగవాళ్ళు చర్మం కోసం చేసే పనుల్లో చాలావాటి వెనక ఇదే నమ్మకం ఉంది. నలుపంటే మురికి, రుద్దో గీకో మంటపెట్టో దాన్ని తీసేయాలి అనే నమ్మకం. మన చర్మపు అసలు గుణం దీనికి సరిగ్గా ఎదురు. ఏ ఒరిపిడి తగిలినా, ఏ వాపు వచ్చినా, ఏ చిన్న గాయమైనా అది నలుపుతోనే స్పందిస్తుంది. తెల్లచర్మం మీద ఎర్రగా కంది కొద్దిరోజుల్లో మాసిపోయే మొటిమ మన బుగ్గ మీద నెలల తరబడి మచ్చగా ఉంటుంది. ఈ ఒక్క గుణాన్ని అర్థం చేసుకుంటే గడ్డం ఎలా గీసుకోవాలో, ఏ ట్యూబు ముట్టుకోకూడదో, ఎప్పుడు ఊరుకోవాలో చాలావరకు తేలిపోతుంది.

రంగును తయారుచేసే మెలనోసైట్ కణాలు తెల్లవాళ్ళలోనూ నల్లవాళ్ళలోనూ దాదాపు ఒకే సంఖ్యలో ఉంటాయి. తేడా అవి తయారుచేసే రేణువుల్లో ఉంది. ఒక్కో మెలనోసైట్ తన చుట్టూ ఉన్న సుమారు 36 చర్మకణాలకు మెలనిన్ రేణువులను పంచుతుంది. తెల్లచర్మంలో ఈ రేణువులు చిన్నవి, గుంపులు గుంపులుగా ఉండి పైపొరకు చేరేలోపు చాలావరకు నశిస్తాయి. ముదురు చర్మంలో అవి పెద్దవి, విడివిడిగా ఉంటాయి, పై పొరల దాకా నిలుస్తాయి. చర్మకణంలో కేంద్రకానికి పైన గొడుగులా చేరి, కింద ఉన్న డీఎన్ఏను అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడతాయి. 1979లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో ఆఫ్రికా సంతతి వాళ్ళ పైచర్మం 13.4 ఎస్‌పీఎఫ్‌తో సమానమైన రక్షణ ఇస్తుందనీ, తెల్లవాళ్ళది 3.4 మాత్రమేననీ తేలింది. మన రంగులు ఎక్కువగా ఈ రెండింటి మధ్య ఉంటాయి.

ఎన్ని రంగులో మనలో! ఒకే ఇంట్లో అన్నదమ్ములకే పోలిక ఉండదు. ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువుకు చర్మపు రంగుతో సంబంధం ఉందని 2005లో జీబ్రా చేపల ద్వారా బయటపడింది. చారలు పాలిపోయిన ఒక రకం చేపలో ఈ జన్యువు చెడి ఉంది. మనుషుల్లో ఇదే జన్యువులో ఒక్క అక్షరం మారితే రంగు తేలికవుతుంది. 2013లో హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన కుమారస్వామి తంగరాజ్, యూరప్ శాస్త్రవేత్తలతో కలిసి చేసిన పరిశోధనలో, ఐరోపావాళ్ళలోనూ మనలోనూ ఉన్న ఆ మార్పు ఒకే పూర్వీకుల నుంచి వచ్చిందని తేలింది. అంటే ఇద్దరన్నదమ్ముల రంగు తేడాకు పాలూ పసుపూ కారణం కాదు. ఎవరి వాటాకు ఏ జన్యువులు వచ్చాయన్నదే. ఆ జన్యువులను మార్చే సబ్బు ఏదీ లేదు.

చర్మవైద్యపు పాఠాలు మాత్రం చాలాకాలం తెల్లచర్మం చుట్టూనే తిరిగాయి. 1975లో హార్వర్డ్ వైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ ఎండకు కందే తీరును బట్టి చర్మాన్ని వర్గీకరించినప్పుడు ఆ నాలుగు రకాలూ తెల్లచర్మానివే. గోధుమ, నలుపు రంగులు ఐదు, ఆరు రకాలుగా తర్వాత చేరాయి. పుస్తకాల్లో "ఎర్రటి దద్దు" అని రాసినది మన ఒంటి మీద ఊదాగానో, బూడిదరంగులోనో, ముదురు గోధుమరంగులోనో కనిపిస్తుంది. ఎర్రగా లేదు కాబట్టి వాపు లేదనుకుని వదిలేస్తాం. నెల తర్వాత మచ్చ తేలినప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాదు.

మచ్చ తయారయ్యే తీరు తెలుసుకోవడం అవసరం. వాపు వచ్చినచోట విడుదలయ్యే రసాయనాలు మెలనోసైట్లను రెచ్చగొడతాయి. అవి మామూలుకంటే ఎక్కువ మెలనిన్ తయారుచేసి చుట్టూ పంచుతాయి. రంగు పైచర్మంలోనే ఉంటే మచ్చ గోధుమరంగులో ఉండి, పొరలు రాలుతున్నకొద్దీ కొన్ని నెలల్లో పలచబడుతుంది. గిల్లడం వల్లనో, గాఢమైన మందు కాల్చడం వల్లనో పైచర్మానికీ కింది చర్మానికీ మధ్య ఉన్న పొర దెబ్బతింటే, మెలనిన్ కిందికి జారుతుంది. అక్కడి కణాలు దాన్ని మింగి అట్టేపెట్టుకుంటాయి. అప్పుడు మచ్చ బూడిద, నీలం కలిసిన రంగులో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. అందుకే మచ్చను వేగంగా పోగొట్టాలనే తొందర చాలాసార్లు దాన్ని ఇంకా లోపలికి దించుతుంది.

ఎండ సంగతి ఇక్కడే చెప్పాలి. మనకు ఎండకు చర్మం కమిలి బొబ్బలెక్కడం తక్కువ, చర్మ క్యాన్సరూ తక్కువే. కానీ ఉన్న మచ్చల్ని ముదిరించడంలో ఎండదే పెద్ద చేయి. అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుగులోని నీలి, ఊదా భాగం కూడా ముదురు చర్మాన్ని నల్లబరుస్తుంది. మామూలు సన్‌స్క్రీన్ దాన్ని ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్ కలిపి, లేతగా రంగు వేసిన సన్‌స్క్రీన్ ఆపుతుంది. మగవాళ్ళు రంగు క్రీము అంటే వెనకాడతారు గానీ, ముఖం మీద మచ్చలు ఉన్నవాళ్ళకు పనికొచ్చేది అదే. రోజంతా బండి మీద తిరిగి డెలివరీలు ఇచ్చే కుర్రాళ్ళకు, పొలంలో ఉండేవాళ్ళకు సన్‌స్క్రీన్ ప్రతి రెండు గంటలకూ రాసుకోమనడం సాధ్యమయ్యే సలహా కాదు. పూర్తి చేతుల చొక్కా, అంచున్న టోపీ, ముఖానికి నూలు కండువా వాళ్ళకు మేలైన రక్షణ.

ఇక గడ్డం. గవదల కింద, మెడ మీద వచ్చే నల్లటి పొక్కులను మొటిమలనుకుని మొటిమల మందు రాసేవాళ్ళు ఎందరో. వాటిలో చాలావాటికి కారణం వెంట్రుకే. ఉంగరాలు తిరిగే వెంట్రుకను చర్మానికి ఆనించి నున్నగా కోస్తే కొన వాడిగా తయారవుతుంది. పెరిగేటప్పుడు అది వంపు తిరిగి పక్కనున్న చర్మంలోకే గుచ్చుకుంటుంది. చర్మం లాగిపట్టి గీసినా, రెండు మూడు బ్లేడ్ల రేజరు వాడినా ఇంకో రకంగా జరుగుతుంది. మొదటి బ్లేడు వెంట్రుకను పైకి లాగుతుంది, రెండోది కోస్తుంది, తెగిన కొన చర్మం కిందికి జారి అక్కడే పక్కకు పొడుచుకుంటుంది. చర్మం దాన్ని బయటినుంచి గుచ్చుకున్న ముల్లుగానే భావిస్తుంది. వాపు, చీము, ఆ తర్వాత నల్లమచ్చ. ఆఫ్రికా సంతతి మగవాళ్ళలో ఇది చాలా ఎక్కువ. గట్టి, ఉంగరాల గడ్డం ఉన్న మనవాళ్ళలోనూ, ముఖ్యంగా వెంట్రుకలు అడ్డదిడ్డంగా తిరిగే మెడ భాగంలో, తక్కువేం కాదు.

దీనికి మందుకంటే పద్ధతి ముఖ్యం. గడ్డాన్ని స్నానం తర్వాత గీసుకోవాలి, లేదా గోరువెచ్చటి నీళ్ళతో రెండు మూడు నిమిషాలు బాగా తడపాలి. వెంట్రుక తన బరువులో దాదాపు మూడో వంతు నీటిని పీల్చుకుని మెత్తబడుతుంది, కోయడానికి బలం తక్కువ పడుతుంది. క్రీమో జెల్లో రాయాలి. వెంట్రుకలు పెరిగే దిశలోనే గీయాలి, ఒకసారి గీసినచోట మళ్ళీ మళ్ళీ గీయకూడదు, చర్మాన్ని వేళ్ళతో లాగిపట్టకూడదు. ఎదురు దిశలో రెండోసారి గీస్తేనే నున్నగా ఉంటుందన్నది నిజమే. పొక్కులు వచ్చేవాళ్ళు ఆ నునుపును వదులుకోవాలి. ట్రిమ్మరుతో ఒక మిల్లీమీటరు వెంట్రుక మిగిల్చి కత్తిరించుకుంటే కొన లోపలికి దూరే అవకాశం బాగా తగ్గుతుంది. ఇది అన్నిటికంటే నమ్మకమైన చికిత్స, ఖర్చూ తక్కువ. మంట పుట్టించే ఆల్కహాల్ లోషన్ వల్ల చర్మం శుభ్రమైందన్న భావన కలుగుతుంది గానీ, ఆ మంటే మచ్చకు మొదలు. వాసన లేని మామూలు మాయిశ్చరైజరు చాలు.

సెలూన్లో గీయించుకునేవాళ్ళు చూసుకోవలసినది ముందు బ్లేడు. మన ఊళ్ళలో ఇప్పుడు నాయీ బ్రాహ్మణ సోదరులు చాలామంది ఒక్కో మనిషికి ఒక్కో కొత్త బ్లేడు, మన కళ్ళముందే కవరు చింపి పెడుతున్నారు. ఎయిడ్స్ ప్రచారం తెచ్చిన గొప్ప మార్పు ఇది. అదే జాగ్రత్త పటిక దగ్గర మాత్రం కనిపించదు. పటిక రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, కొంతవరకు సూక్ష్మజీవులనూ అదుపు చేస్తుంది, చిన్న గాటుకు రక్తం ఆపుతుంది. కానీ ఒకే పటిక ముక్కను రోజంతా గాట్లు పడిన ముఖాల మీద తిప్పడం ప్రమాదం. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. మన దేశంలో పసిపిల్లలందరికీ ఆ టీకా వేయడం 2011 నుంచే. నేటి పెద్దవాళ్ళలో చాలామందికి అది పడలేదు. సొంత పటిక ముక్క, వీలైతే సొంత తువ్వాలు తీసుకెళ్ళండి, ఎవరూ ఏమీ అనుకోరు. మూడు డోసుల టీకా కూడా వేయించుకోండి. ఇంకొక మాట. కటింగు అయ్యాక మెడను రెండు వైపులా విరిచే అలవాటును సున్నితంగా వద్దనండి. మెడ ఎముకల్లోంచి మెదడుకు వెళ్ళే ధమని చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

గీస్తే గడ్డం దట్టమవుతుందని పదో తరగతి పిల్లలు రేజరు పట్టుకుంటారు. గుండు చేయిస్తే బాబుకు జుట్టు ఒత్తుగా వస్తుందని నానమ్మలు అంటారు. 1928లోనే అమెరికా శాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ నలుగురు మగవాళ్ళ చేత నెలల తరబడి గడ్డం గీయించి, వెంట్రుకల మందాన్నీ ఎదుగుదలనీ కొలిచి, ఏ తేడా లేదని చూపించారు. కోసిన కొన మొద్దుగా ఉండటం వల్ల తాకితే గట్టిగా అనిపిస్తుంది, అంతే. వెంట్రుక భవిష్యత్తు చర్మం కింద కుదురులో నిర్ణయమవుతుంది. పుట్టువెంట్రుకలు తిరుమల కల్యాణకట్టలో ఇవ్వడానికి భక్తి ఒక్కటే చాలిన కారణం.

ఆ కుదురు దగ్గరే మగవాళ్ళకు ఒక వింత జరుగుతుంది. టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోను గడ్డం మీద పలచటి నూగును గట్టి వెంట్రుకగా మారుస్తుంది. అదే హార్మోను, బట్టతల లక్షణం వారసత్వంగా వచ్చినవాళ్ళలో, నెత్తి మీద గట్టి వెంట్రుకను నూగుగా మారుస్తుంది. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్, యుక్తవయసుకు ముందే వృషణాలు పోయిన మగవాళ్ళకు బట్టతల రాదని గమనించాడు. వాళ్ళకు టెస్టోస్టిరాన్ ఇస్తే, కుటుంబంలో బట్టతల ఉన్నవాళ్ళకు అది మొదలైంది. హెల్మెట్ వల్ల, బోరు నీళ్ళ వల్ల బట్టతల వచ్చిందని మన యువకులు బాధపడుతుంటారు. ఉప్పునీళ్ళు వెంట్రుకను బిరుసు చేస్తాయి, విరిచేస్తాయి కూడా. కానీ నుదుటి రెండు పక్కలా వెనక్కి జరగడానికీ, నడినెత్తిన పలచబడటానికీ కారణం అవి కావు. ఆ హార్మోను గ్రాహకపు జన్యువు తల్లి నుంచి వచ్చే ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది కనుక మేనమామ తలకట్టు పోలిక వస్తుందన్న మాటలో కొంత నిజం ఉంది. తండ్రి వైపు నుంచి వచ్చే జన్యువులు కూడా చాలానే ఉన్నాయి.

పనిచేస్తాయని రుజువైన మందులు ముఖ్యంగా రెండు. రక్తపోటు మందుగా పుట్టి, వాడినవాళ్ళకు ఒళ్ళంతా వెంట్రుకలు మొలిపించిన మినాక్సిడిల్, 1988లో అమెరికాలో తలకు రాసే మందుగా అనుమతి పొందింది. డీహెచ్‌టీ తయారీని తగ్గించే ఫినాస్టిరైడ్ మాత్రకు బట్టతల చికిత్సకు అనుమతి 1997లో వచ్చింది. మినాక్సిడిల్ మొదలుపెట్టిన తొలి వారాల్లో జుట్టు ఇంకా రాలుతుంది. పాత వెంట్రుకలు చోటిస్తున్నాయన్న మాట. అది తెలియక చాలామంది అక్కడే ఆపేస్తారు. ఫలితం కనిపించడానికి కనీసం నాలుగైదు నెలలు పడుతుంది, ఆపితే వచ్చింది పోతుంది. ఫినాస్టిరైడ్ వల్ల కొద్దిమందికి లైంగిక సమస్యలు వస్తాయి, డాక్టరుతో మాట్లాడకుండా మింగవలసిన మాత్ర కాదది. బయోటిన్ లోపం లేనివాళ్ళకు బయోటిన్ బిళ్ళలు జుట్టు పెంచుతాయనడానికి సరైన ఆధారం లేదు. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం అందరికీ మామూలే. టైఫాయిడ్, డెంగీ, కోవిడ్ వచ్చిన రెండు మూడు నెలలకు గుప్పెళ్ళతో రాలినా చాలావరకు మళ్ళీ వస్తుంది.

నెరిసిన మీసానికి రంగు వేసేవాళ్ళకు ఒక హెచ్చరిక. నల్లరంగుల్లో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. ఏళ్ళ తరబడి ఏమీ చేయని రంగే ఒకరోజు హఠాత్తుగా పడకపోవచ్చు. కళ్ళు వాచి, చెవుల వెనక రసి కారి, తగ్గాక పైపెదవి చుట్టూ, నుదుటి అంచున బూడిదరంగు మరక మిగులుతుంది. చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు చూడటం ప్రతిసారీ చేయవలసిన పని. గోరింటాకు పేరుతో అమ్మే నల్లటి పొడుల్లో కూడా ఈ పీపీడీ కలిసి ఉండవచ్చు. అసలు గోరింటాకు ఎర్రగానే పండుతుంది.

నూనె విషయంలో మన పెద్దలు సగం సరిగ్గానే చెప్పారు. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి ఇంకి, తలంటు సమయంలో ప్రోటీన్ కారిపోకుండా కాపాడుతుందని 2003లో ముంబైలో జరిగిన పరిశోధన చూపింది. చేసింది కొబ్బరినూనె అమ్మే కంపెనీవాళ్ళే అయినా ప్రయోగం పద్ధతిగానే ఉంది. అది వెంట్రుకకు సంబంధించిన సంగతి. మాడు సంగతి వేరు. మాడు మీద మలసీజియా అనే శిలీంధ్రం అందరికీ ఉంటుంది. 2007లో దాని జన్యువులన్నీ చదివినప్పుడు, కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారుచేసుకునే జన్యువు దానికి లేదని తేలింది. అందుకే అది మన జిడ్డు మీద బతుకుతుంది. ప్రయోగశాలలో పెంచాలన్నా ఆలివ్ నూనెలాంటి కొవ్వు పోయాలి. జిడ్డును తిని అది వదిలే ఒలీయిక్ ఆమ్లం పడనివాళ్ళలో మాడు దురదపెట్టి పొట్టు రాలుతుంది. చుండ్రు అదే. చుండ్రు ఉన్నవాళ్ళు మాడు ఎండిపోయిందనుకుని రాత్రంతా నూనె ముద్దగా పట్టించి ఉంచడం ఆ శిలీంధ్రానికి మేత వేయడమే. నూనె వెంట్రుకల పొడవునా రాసుకుని, మాడుకు కీటోకోనజోల్ షాంపూ పట్టించి, అయిదు నిమిషాలు ఉంచి కడగాలి. చాలామంది నురగ రాగానే కడిగేస్తారు, మందు పనిచేయడానికి వ్యవధే ఉండదు. కుంకుడుకాయ జిడ్డును చక్కగా వదిలిస్తుంది గానీ చుండ్రు ముదిరితే అదొక్కటే సరిపోదు. నూనె నుదుటి మీదికి జారేవాళ్ళకు అక్కడ మొటిమలు వస్తాయి.

ఇదే మలసీజియా చెమటపట్టే కుర్రాళ్ళ వీపు మీద, ఛాతీ మీద శోభి మచ్చలుగా తేలుతుంది. అక్కడ అది తయారుచేసే అజెలాయిక్ ఆమ్లం మెలనిన్ తయారీని అడ్డుకోవడం వల్ల మచ్చ తెల్లగా కనిపిస్తుందని భావిస్తారు. ఆ అజెలాయిక్ ఆమ్లాన్నే నేడు వైద్యులు మొటిమలకూ, అవి మిగిల్చిన నల్లమచ్చలకూ క్రీముగా రాస్తున్నారు. మన చర్మానికి నప్పే నెమ్మదైన మందుల్లో అదొకటి. శోభి కష్టం లేకుండా తగ్గిపోతుంది, రంగు సమం కావడానికి మాత్రం నెలలు పడుతుంది.

తామర మాత్రం ఇప్పుడు అంత తేలిగ్గా లొంగడం లేదు, నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించే విషయం ఇదే. గజ్జల్లో, నడుము చుట్టూ, పిరుదుల మీద గుండ్రంగా అంచుకట్టి దురదపెట్టే తామర గత పదేళ్ళలో మన దేశమంతా మొండికెత్తింది. ఇంట్లో ఒకరికి వస్తే అందరికీ పాకుతోంది. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని 2020లో పేరు పెట్టిన ఈ శిలీంధ్రంలో చాలా రకాలు, ఏళ్ళుగా నమ్మకంగా పనిచేసిన టెర్బినాఫిన్ మందుకు లొంగవు. 2023లో న్యూయార్క్‌లో కూడా ఇది బయటపడింది. బిగుతు జీన్స్, తడి లోదుస్తులు, హాస్టల్లో మార్చుకునే తువ్వాళ్ళు దీనికి అనువైనవే. కానీ ఇంత ముదరడంలో పెద్ద పాత్ర మన మందుల షాపు కౌంటరుది.

"అన్నా, దురదకు ఏదైనా ట్యూబు ఇవ్వు" అంటే చేతిలో పడేది చాలాసార్లు స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ నాలుగూ కలిపిన క్రీము. రాసిన రెండో రోజుకే దురద ఆగుతుంది, ఎరుపు తగ్గుతుంది. స్టెరాయిడ్ చేసింది శిలీంధ్రాన్ని చంపడం కాదు, దాని మీద పోరాడుతున్న మన రక్షణను పడుకోబెట్టడం. పైకి మంచిగా కనిపిస్తూ తామర విస్తరిస్తుంది, అంచులు చెరిగి గుర్తుపట్టలేకుండా మారుతుంది. ఈ మారువేషపు తామరను బ్రిటిష్ వైద్యులు 1968లోనే వర్ణించారు. నెలలు గడిస్తే తొడల లోపలివైపు చర్మం పలచబడి చీలినట్టు చారలు పడతాయి. ఆ చారలు తర్వాత పోవు.

ఇవే స్టెరాయిడ్ ట్యూబులు ముఖానికీ ఎక్కుతున్నాయి. వాటిలో ఉండే బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, మెలనిన్ తయారీని తగ్గిస్తుంది, అందుకే వారంలో ముఖం తేటపడినట్టు ఉంటుంది. పెళ్ళిచూపుల ముందు రాసుకున్న కుర్రాడికి అది అద్భుతంగా అనిపిస్తుంది. తర్వాత చర్మం పలచబడి ఎర్రటి నాళాలు బయటపడతాయి, మొటిమలు గుంపుగా లేస్తాయి, ఆపిన రెండు మూడు రోజులకే ముఖం భగ్గున మండుతుంది. మంట తగ్గాలంటే మళ్ళీ అదే రాయాలి. 2011లో ప్రచురితమైన అధ్యయనంలో దేశంలోని 12 ఆసుపత్రుల వైద్యులు ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే, 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నారు. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని నిబంధన పెట్టింది, అదే ఏడాది సెప్టెంబరులో 328 కలగలుపు మందులను నిషేధించింది. అమ్మకం ఆగిందని మాత్రం చెప్పలేం.

మగవాళ్ళకంటూ ప్రత్యేకంగా తెల్లదనపు క్రీము 2005లో మన మార్కెట్లోకి వచ్చింది. 2020 నుంచి పెద్ద కంపెనీలు పేర్లలోంచి ఆ తెల్లదనపు మాటను ఒక్కొక్కటిగా తీసేశాయి. వాటికంటే ప్రమాదం తయారీదారు చిరునామా లేకుండా దొరికే డబ్బాలది. వాటిలో కొన్నింట పాదరసం ఉంటుంది. అది మెలనిన్ తయారుచేసే ఎంజైమును ఆపుతుంది, చర్మం గుండా లోపలికీ పోతుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021 నుంచి 2023 మధ్య ఒక ఆసుపత్రి వైద్యులు మూత్రంలో ప్రోటీన్ పోయే ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని పరీక్షిస్తే 15 మందిలో అరుదైన రకం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్ళు. ముఖం రంగు మార్చాలనుకున్నవాళ్ళకు కిడ్నీ దెబ్బతింది.

మీరో, మీ తమ్ముడో, మీ అబ్బాయో ఇప్పటికే స్టెరాయిడ్ ట్యూబు నెలలుగా రాస్తుంటే ఒక్కరోజులో మానేసి ఇంట్లో కూర్చోవద్దు, మంట భరించలేక మళ్ళీ మొదలుపెట్టే ప్రమాదం ఉంది. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం ఉంటుంది. హైదరాబాద్ ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో, విశాఖ కేజీహెచ్‌లో రోజూ ఓపీ నడుస్తుంది. స్టెరాయిడ్‌ను ఎలా తగ్గించాలో, తామరకు ఏ మందు ఎన్ని వారాలు వాడాలో వాళ్ళు చెబుతారు. ఇంట్లో దురద ఉన్న ప్రతి ఒక్కరినీ ఒకేసారి తీసుకెళ్ళండి, లేకపోతే తగ్గినవాళ్ళకు మళ్ళీ అంటుకుంటుంది. వాడిన ట్యూబును సిగ్గుపడి పారేయకుండా జేబులో పెట్టుకుని వెళ్ళండి. దాని వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదివితే డాక్టరుకు సగం చరిత్ర తెలుస్తుంది.